శౌరయ్య డాబా మీద మంచు

రోహిణి కార్తెలో ఒక తెల్లవారుజామున శౌరయ్య డాబా మీద మంచు పడుతుంది. ఏటా పడేదే. ముందురోజు ఎండ వాలగానే గుణదల కొండ రాళ్ళ వెనక నుంచి ఒక చల్లటి గాలి తెర వస్తుంది. అది ఒంటికి తగలగానే మెట్ల వీధి ఆడవాళ్ళు బకెట్లు, బిందెలు కడిగి బోర్లిస్తారు. చేపలమ్మే పెద్దింట్లమ్మ మర్నాడు బందరు నుంచి మొదటి బస్సుకే తట్టతో దిగిపోతుంది. ఐసు ఫ్యాక్టరీ గడ్డలో పెట్టిన చేప మధ్యాహ్నానికే కళ్ళు తేలేస్తుందనీ, శౌరయ్యగారి మంచులో పెట్టింది సాయంత్రానికి కూడా అప్పుడే వల్లోంచి తీసినట్టుంటుందనీ ఆమె నమ్మకం. సోడా బండివాళ్ళు వస్తారు. చర్చి ఆసుపత్రి సిస్టర్లు జ్వరాల వార్డు కోసం రెండు క్యాన్లు పంపిస్తారు. ఎండలకి ఉడికిపోయే బెజవాడలో ఆ ఒక్క పూట మెట్ల వీధి వాళ్ళ మజ్జిగ చల్లగా ఉంటుంది. గొడవంటూ వస్తే ఎవరికి ఎక్కువ వచ్చింది, ఎవరికి తక్కువ వచ్చింది అన్న దగ్గరే.

మంచు ఎత్తి పోసేది శౌరయ్య ఒక్కడే. డాబా తలుపు తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. చీకటి విచ్చుతుండగానే చీపురు, పార పట్టుకుని ఎక్కుతాడు. కాసేపు ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఒక్కొక్క బకెట్టూ నింపి కిందికి అందిస్తాడు. ఆయన ఊడవక ముందు పైకి ఇంకెవరూ ఎక్కకూడదు. మిల్టరీ మనిషి కదా, పద్ధతి అలాంటిది అనుకున్నారు అందరూ.

రావమ్మ కూడా అలాగే అనుకుంది, ఈ ఏడు వేసవి దాకా.

ఇదంతా మొదలై పాతికేళ్ళు దాటిపోయింది. ఎక్కడో మంచుకొండల్లో జరిగిన యుద్ధానికి మెట్ల వీధి నుంచి ఇద్దరు వెళ్ళారు. ఒకడు శౌరయ్య. ఇంకొకడు రావమ్మ మొగుడు పాల్, చల్లపల్లి వాడు. తిరిగొచ్చింది శౌరయ్య ఒక్కడే. పాల్ పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవద్దన్నారు. శత్రువుల కాపలా గుడారాన్ని తామిద్దరే వెళ్ళి పట్టుకున్నామనీ, ఎదురుకాల్పుల్లో నలుగురిని చంపామనీ, వాళ్ళ శవాలు లోయలో పడిపోయాయనీ, అదే మధ్యాహ్నం ఫిరంగి గుండు పాల్‌ని తీసుకుపోయిందనీ శౌరయ్య చెప్పాడు. ఇద్దరికీ పతకాలు వచ్చాయి. పాల్ పేరు మీద రావమ్మకి బళ్ళో ఆయా ఉద్యోగం వచ్చింది. శౌరయ్యని ఆమె అన్నయ్యా అంది, ఆయన భార్య అమలమ్మని వదినా అంది. పై వరసలో వాళ్ళిల్లు, కింది వరసలో తనది. కూర గిన్నెలు మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఈస్టరు వెళ్ళిన వారంలో జాన్సన్ అనే ఆయన ఫోన్లలో ప్రత్యక్షమయ్యాడు. ఆయనా అదే పటాలంలో పని చేసినవాడు. ఎవరో పిల్లలు నడిపే యూట్యూబు ఛానల్లో కూర్చుని తాపీగా చెప్పాడు. ఆ రోజు తను కింద గుట్ట మీద ఉన్నాడట. నలుగురు చేతులెత్తి బయటికి రావడం కళ్ళారా చూశాడట. శౌరయ్య వాళ్ళని బండ వెనక్కి నడిపించాడట. తర్వాత తుపాకీ మోత వినిపించిందట. "లొంగిపోయినవాళ్ళని చంపి ఎదురుకాల్పులన్నాడు. దానికి పతకం ఇచ్చారు," అన్నాడు జాన్సన్. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాడు. "దగ్గరుండి చూసినవాడు పాల్ ఒక్కడే. పాల్ ఏమయ్యాడో మీకు తెలుసు కదా."

రావమ్మ ఆ ఆఖరి మాట దగ్గర ఫోన్ ఆపేసింది. మళ్ళీ పెట్టి వింది.

మెట్ల వీధి మాత్రం శౌరయ్య వైపే నిలబడింది. వార్డు నాయకుడు కావాలని తిరుగుతున్న బాబీ రెండో రోజుకల్లా మెట్ల మొదట్లో ఇంత ఎత్తు ఫ్లెక్సీ కట్టించాడు. "శత్రువుని చంపడం నేరమా? మా వీరుడు శౌరయ్యగారికి అండగా" అని పైన రాయించి, కింద శౌరయ్య బొమ్మ పక్కన తన బొమ్మ వేయించుకున్నాడు. "యుద్ధంలో చంపక ముద్దులు పెడతారా?" అంది పెద్దింట్లమ్మ వంజరం ముక్కలు కోస్తూ. అది విన్నవాళ్ళంతా నిజమేనన్నారు.

రావమ్మకి మాత్రం జాన్సన్ ఆఖరి మాట మింగుడుపడలేదు. బడి నుంచి వస్తూ తిన్నగా శౌరయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని రేడియో బాగుచేసుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఆ జాన్సన్ చెప్పేది నిజమేనా?"

శౌరయ్య తల ఎత్తలేదు. "వాడికి కనబడింది వాడు చెప్పాడు."

"అంటే?"

"అంటే ఏముందమ్మా. ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగు."

కాదని ఒక్క మాట అంటే చాలనుకుని వెళ్ళింది ఆమె. ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు. మజ్జిగ తాగకుండానే మెట్లు దిగింది.

ఒకసారి అనుమానం లోపలికి వచ్చాక అది ఇంట్లో ఉన్నవన్నీ కదిపి చూస్తుంది. పాల్ ఫొటో ఉన్న గోడ వైపు అన్నయ్య ఎప్పుడూ వీపు పెట్టి ఎందుకు కూర్చుంటాడు? ఆఖరి రోజు పాల్ ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు అని ఎన్నిసార్లు అడిగినా "అంతా హడావిడిలో జరిగిపోయిందమ్మా" అని ఎందుకు తప్పించుకుంటాడు? పెట్టె ఎందుకు తెరవద్దన్నారు? ఫిరంగి గుండే పడిందని ఎవరు చూశారు? ఇన్నేళ్ళూ తన ఇంటి పైకప్పు కారితే ముందు పరిగెత్తుకొచ్చింది ఈయనే. అది ప్రేమా, లేకపోతే ఏదో తప్పు కడుక్కోవడమా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తను అటు వెళ్ళినప్పుడల్లా ఆయన చెయ్యి జేబులో తాళంచెవి మీదకి పోవడం కూడా ఇప్పుడే కంటపడింది.

ఆ అనుమానం తన ఒక్కదానికే అనుకుంది. ఒక రోజు బియ్యం ఏరుతూ అమలమ్మే కదిలించింది.

"రావమ్మా, ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నాకు అన్నీ ఇచ్చాడు. ఆ డాబా తాళం ఒక్కటే ఇవ్వలేదు. బట్టలారేసుకోవడానికి నాతోపాటు ఎక్కుతాడు, నాతోపాటు దిగుతాడు. మంచు పడే రోజున మాత్రం గడప కూడా తొక్కనివ్వడు. అక్కడ ఏముందంటావు?"

"నాకేం తెలుసు వదినా."

"నాకు భయమేస్తోంది," అంది అమలమ్మ. ఆమె వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

విచారణ జరుగుతుందని ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ కొండ మీద విచారణంటే అప్పటిదాకా ఒక ఫాదరు కింద ఉండే చర్చి విచారణ ఒక్కటే. ముసలివాళ్ళు కొందరు కొత్త ఫాదరు వస్తున్నాడనే అనుకున్నారు. వచ్చింది ఒక కర్నలు గారూ, రాసుకునే ఇంకొకతనూ. కర్నలు తెలుగువాడే, గుంటూరు వైపు యాస. చనిపోయిన పాల్ భార్యగా రావమ్మని కూడా కూర్చోమన్నారు. అందరూ శౌరయ్య ఇంటి ముందుగదిలో ఫ్యాను కింద కూర్చున్నారు.

"ఆ నలుగురూ లొంగిపోయారా?" అన్నాడు కర్నలు.

"లొంగిపోయారు."

"మీరు కాల్చారా?"

"నేనే కాల్చాను సార్. పాల్‌కి ఏం సంబంధం లేదు. అలాగే రాసుకోండి."

అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కర్నలు కళ్ళద్దాలు తీసి శౌరయ్యని పరకాయించి చూశాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాడిని ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు.

"పతకం వెనక్కి తీసుకోవడంతో ఇది ఆగదు. కేసవుతుంది. ఈ వయసులో జైలుకి వెళ్ళాల్సి రావచ్చు. బాగా ఆలోచించుకోండి. రేపు పొద్దున్నే వస్తాం, అప్పుడు సంతకం పెడుదురు గాని."

"ఆలోచించేదేం లేదు సార్."

రావమ్మ చెవుల్లో ఒక్క మాటే తిరుగుతోంది. పాల్‌కి ఏం సంబంధం లేదు. మరి పాల్ ఎక్కడున్నాడు? అడ్డం పడ్డాడా? పడితే ఏం చేశారు? ఆమె లేచి, ఎవరితోనూ చెప్పకుండా బయటికి వచ్చేసింది. ఎండ వాలుతోంది. రాళ్ళ వెనక నుంచి చల్లటి గాలి వచ్చి మొహానికి కొట్టింది. కింది ఇళ్ళల్లో అప్పుడే బిందెలు కడుగుతున్న చప్పుడు.

మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా అమలమ్మ వచ్చి తలుపు తట్టింది. చేతిలో తాళంచెవి ఉంది.

"స్నానానికి వెళ్ళారు. నాకు చూసే ధైర్యం లేదు. నువ్వు చూడు. నీకే హక్కుంది."

రావమ్మ ఎక్కింది. తలుపు తోయగానే చలి ఎముకల దాకా పాకింది. డాబా అంతా మోకాటి కింది దాకా మంచు. దాని మీద గుర్తులున్నాయి.

ముందు ఆమెకి కనిపించినవి మోకాళ్ళ గుంటలు. పిట్టగోడ వైపు తిరిగి వరసగా నాలుగు జతలు. ఎవరో నలుగురు మోకరిల్లినట్టు. వాటి వెనక బూటు అడుగులు. రావమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అయితే నిజమే. పిట్టగోడ ముందు మోకరిల్లబెట్టి వెనక నుంచి.

ఇక చాలు, దిగిపోదామనుకుంది. ఇంతలో బూటు అడుగులు ఒక జత కాదు, రెండు జతలని గమనించింది. ఒకటి తిన్నగా, బరువుగా ఉంది. రెండోదానిలో ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది.

రావమ్మ అక్కడే మంచులో కూలబడింది.

పెళ్ళైన కొత్తలో హంసలదీవి తీసుకెళ్ళాడు పాల్. తడి ఇసకలో అతని వెనకే నడుస్తూ ఆ అడుగులు చూసి ఎంత నవ్విందో! "నీ కుడికాలు సముద్రంలోకి పోదామంటోంది, ఎడమకాలు ఇంటికి పోదామంటోంది, మిల్టరీ వాళ్ళు నిన్నెట్లా తీసుకున్నారయ్యా?" అని ఏడిపించింది. ఆ పాదమే ఇది. పాతికేళ్ళుగా ప్రతి వేసవిలో ఆమె తల మీద, ఆమె పైకప్పుకి ఇంత దూరంలో పడుతూ, తుడిచిపెట్టుకుపోతూ ఉన్న పాదం. ఆమె అరచెయ్యి ఆ గుంటలో పెట్టింది. చెయ్యి కొంకర్లు పోతున్నా తియ్యలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆ అడుగులు ఎటు వెళ్ళాయో చూసింది. పాల్ మోకరిల్లిన వాళ్ళ ముందుకి వెళ్ళాడు. చివరి వాడి దగ్గర తనూ కూర్చున్నాడు. అక్కడ మంచులో పక్కపక్కన రెండు అరచేతుల ముద్రలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నపిల్లాడిదంత. ఆసరా ఇచ్చి లేపినట్టున్నాడు. అక్కడి నుంచి మోకాళ్ళ గుంటలు లేవు. నలుగురి పాదాలూ లేచి, తడబడుతూ, ఒకడు కుంటుతూ, పిట్టగోడ దాకా నడిచి గోడ మీద మంచులో కూడా గుర్తు పెట్టి అవతలికి పోయాయి. ఎక్కడా నెత్తురు మచ్చ లేదు. ఈడ్చిన జాడ లేదు.

వెనక చీపురు నేల మీద పెట్టిన చప్పుడైంది. శౌరయ్య తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కావా," అన్నాడు.

"వదిలేశారా అన్నయ్యా? ఇద్దరూ కలిసి వదిలేశారా?"

"వాళ్ళని కిందికి దించే దారి మూసుకుపోయింది. మా దగ్గర తిండి లేదు. ఇక ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలుసు. నేను తుపాకీ ఎత్తాను కూడా. మీ ఆయనే పట్టుకున్నాడు. ఆ చివరి వాడికి మీసం కూడా రాలేదు. 'పొమ్మందాం శౌరీ, వీడి చెయ్యి చూడు, మా రావమ్మ చెయ్యంత కూడా లేదు' అన్నాడు. గాల్లోకి కాల్చాం, కింద వాళ్ళు వింటారని. మధ్యాహ్నానికి గుండు పడింది."

"ఆ వెళ్ళినవాళ్ళే చెప్పారా, ఇక్కడ ఇద్దరున్నారని?"

శౌరయ్య పిట్టగోడ వైపు చూశాడు. "తెలీదమ్మా. చెప్పి ఉండొచ్చు. ఈ గుర్తుల్లో అది లేదు. ఏటా వెతుకుతాను."

రావమ్మకి ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం జాన్సన్ మాటలప్పుడు కూడా రాలేదు. "ఎందుకు దాచావు? నేను నిన్ను హంతకుడివనుకున్నాను. మా ఆయన్ని చంపావనుకున్నాను. తెలుసా?"

"తెలుస్తూనే ఉంది. అనుకుంటే అనుకోనీ. వదిలేశాడంటే పాల్ పతకం ఉంటుందా? ఆ పేరు మీద నీకొచ్చిన బువ్వ ఉంటుందా? పైగా వదిలినవాళ్ళ వల్లే పోయాడేమో అన్న మాట నీ చెవిన ఎలా వెయ్యను? నేను చంపానంటే అంతా నాతోనే పోతుంది. జరుగు రావమ్మా. ఎండ వచ్చేస్తోంది, కింద జనం ఉన్నారు. ఊడ్చనీ."

ఆయన చీపురు ఎత్తాడు. రావమ్మ లేచి ఆ ఎడమ పాదం గుర్తుకి అడ్డంగా నిలబడింది.

"దీని మీద చీపురు పడితే ఊరుకోను."

"రావమ్మా..."

"నాకు మిగిలింది పెట్టె మీది మేకులే అన్నయ్యా. మొగుడి మొహం కూడా చూడలేదు. ఇది ఊడుస్తావా?" అని పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి కేకేసింది. "వదినా! కర్నలు గారు రాగానే పైకి పంపించు. త్వరగా రమ్మను, కరిగిపోద్ది!"

కర్నలు గారు బూట్లు తడుస్తున్నా పట్టించుకోకుండా గుర్తుల పక్క నుంచి నడిచాడు. కూర్చుని మోకాళ్ళ గుంటలు చూశాడు, పిట్టగోడ చూశాడు. మంచు కొండల్లో తిరిగిన మనిషి, ఎవరూ చెప్పకుండానే చదువుకున్నట్టున్నాడు. పక్కనున్నతను ఫొటోలు తీస్తున్నాడు. మెట్ల మీద బకెట్లతో జనం మెడలు సాచి చూస్తున్నారు.

"ఈ ఒక జత శౌరయ్యగారివి. ఇవి ఎవరివి?"

"మా ఆయనవండీ."

"ఖాయంగా చెప్పగలరా? ఇన్నేళ్ళయింది."

"పెళ్ళాన్నండీ."

కర్నలు గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు చెప్పేదానికి అర్థం మీకు తెలుసా? చేతికి చిక్కిన శత్రువుని వదిలేసి, చంపామని చెప్పి పతకం తీసుకున్నారని. మీ ఆయన పతకం కూడా పోతుంది."

"తెలుసండీ. చంపలేదని చెబుతున్నాను. అది రాసుకోండి."

ఎండ కొండ రాళ్ళు దాటి డాబా మీద పడింది. అందరూ చూస్తుండగానే ముందు మోకాళ్ళ గుంటలు, తర్వాత బూటు అడుగులు నీళ్ళయి తూములోంచి కిందికి పోయాయి. ఆ ఏడు ఎవరి బకెట్లూ నిండలేదు.

కేసు అక్కడితో ఆగిపోయింది. దసరా లోపు రెండు పతకాలూ వెనక్కి తీసుకున్నారు. శౌరయ్య జైలుకి వెళ్ళలేదు. కానీ మెట్ల వీధి ఆయనతో మాట్లాడటం మానేసింది. లొంగిపోయినవాళ్ళని చంపాడన్నప్పుడు కట్టిన ఫ్లెక్సీని, చంపలేదని తేలిన సాయంత్రమే బాబీ విప్పించేశాడు. "చంపితే ఒక అందం. వదిలెయ్యడానికా మనం జీతాలిచ్చి పంపింది?" అని టీ కొట్టు దగ్గర అందరికీ వినబడేటట్టు అన్నాడు. బళ్ళో రావమ్మ ఉద్యోగం తియ్యలేదు గానీ, ఏటా ఆగస్టు పదిహేనున ఆమె చేత ఎగరేయించే జెండాని ఈసారి ఇంకొకరి చేత ఎగరేయించారు. పెద్దింట్లమ్మ మాత్రం ఎప్పటిలాగే రెండిళ్ళ ముందూ తట్ట దించేది. బతికున్నవాళ్ళందరికీ చేపలు కావాలి కదా అనేది.

రావమ్మ కూడా శౌరయ్యతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల దించుకుని పోయేది. వదిలేసినందుకు కాదు ఆమె కోపం. తన మొగుణ్ణి ఇన్నేళ్ళు తాళం వేసి దాచుకున్నందుకు.

సమాధుల పండుగ ముందురోజు ఆమె పై వరస మెట్లెక్కి, గుమ్మం బయటే నిలబడింది.

"రేపు చల్లపల్లి వెళ్తున్నాను. సమాధి కడిగి సున్నం వెయ్యాలి. వదినని తీసుకుని రా."

శౌరయ్య వచ్చాడు. బస్సులో ముగ్గురి సీటు దొరికింది, కిటికీ దగ్గర రావమ్మ, మధ్యలో అమలమ్మ. బస్సు ఉయ్యూరు దాటింది. రెండు వైపులా వరి కంకులు వంగి ఉన్నాయి. గట్ల మీద కొంగలు.

"మా ఆయన అక్కడ ఏం తినేవాడు?" అంది రావమ్మ బయటికి చూస్తూనే.

శౌరయ్య తడబడ్డాడు. ఇన్నేళ్ళు ఆయన పాల్ గురించి ఏ మాటా ఎత్తలేదు, ఒక మాట లాగితే రెండోది వచ్చేస్తుందని. ఇప్పుడు దేనికీ భయం లేదని గుర్తు రావడానికి ఆయనకి కొంచెం సేపు పట్టింది.

"డబ్బా తిండే. ఒకసారి మాత్రం కింద క్యాంపులో ఏదో ఆకు దొరికింది. అచ్చం పొన్నగంటి కూరలా ఉందన్నాడు మీ ఆయన. మా రావమ్మ వండినట్టే వండుతానని పప్పులో వేశాడు. మా అందరి చేతా తినిపించాడు. మర్నాడు పొద్దున్న మొత్తం దళం చెంబులు పట్టుకుని బండల వెనకే ఉంది. ఆఫీసరు వచ్చి చూస్తే కాపలాకి ఒక్కడూ లేడు, మీ ఆయన తప్ప. వాడు మాత్రం ఆ కూర తినలేదు!"

రావమ్మకి నవ్వొచ్చింది. ముందు పెదాలు బిగబట్టుకుంది, తర్వాత ఆగలేకపోయింది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేటంత గట్టిగా నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన అంతే," అంది రావమ్మ ఊపిరి తీసుకుంటూ. "తను వండింది తను తినేవాడు కాదు. ఇంకా చెప్పు అన్నయ్యా."

శౌరయ్య ముందుకి వంగి ఇంకోటి మొదలుపెట్టాడు. బస్సు అప్పుడే పామర్రు దాటింది. చల్లపల్లి ఇంకా దూరముంది.